అప్‌డేట్: మా నాయనకు ఒంటికి వస్తున్నట్టు తెలియకపోవడం గురించి

మా నాయనకు చానా ఏండ్లుగా షుగర్. సగం రోజు ఒంటికి పోకపోయినా ఒత్తిడి తెలీదు, పోయినా సన్నధారే, ఎందుకని ఇక్కడ అడిగింటిని. జవాబు చెప్పిన అన్నలకు, అక్కలకు దండాలు.

కడపలోనే యూరాలజిస్టుకు చూపించినాం. నాయన ఒంటికి పోయొచ్చిన వెంటనే స్కాన్ చేస్తే ఇంకా 350 మి.లీ. లోపలే ఉంది. తెర మీద నల్లగా, గుండ్రంగా కనపడుతుంటే నాకు గుండె జారింది.

మూత్రాశయం గోడలో ఉండేది డిట్రూసర్ అనే నునుపు కండరం. నిండేకొద్దీ అది వదులవుతూ సాగుతుంది, అందుకే లోపల ప్రెజర్ పెద్దగా పెరగదు. మామూలుగా 150–200 మి.లీ. దగ్గర మెదడుకు మొదటి కబురు పోతుంది, 400–500 దాకా పడుతుంది. పోసేటప్పుడు వెన్నుపాము కింది భాగం నుంచి వచ్చే నరాలు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతాయి, కండరమంతా ఒక్కసారిగా ముడుచుకుంటుంది. షుగర్ దెబ్బతీసేది ఈ నరాలనూ, మెదడుకు కబురు మోసే నరాలనూ. కబురు అందక, అతిగా సాగి సాగి, ముడుచుకునే బలం తగ్గిపోయిందంట. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి అడ్డం లేదన్నారు, అదొక్కటి నయం.

ఇప్పుడు ఒత్తిడి లేకపోయినా గడియారం చూసి మూడు గంటలకోసారి పోతున్నాడు, కాసేపాగి మళ్ళీ ఇంకోసారి. తగ్గకపోతే క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్న గొట్టం) వేసుకోవడం నేర్పిస్తామన్నారు. ఇంట్లో సొంతంగా వేసుకునేవాళ్ళు ఉంటే ఎట్లుంటాదో చెప్పండి, నాయన దానికే భయపడుతున్నాడు.