డ్రాఫ్టు రాత్రికి మేనేజరు గారు ఇంటికి పిలిచారు: కౌబాయ్స్ లైన్ గురించి ఏం తెలుసుకుని వెళ్లాలి?

కొత్తవాడు, ఇర్వింగ్

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చాను. ఆఫీసులో భోజనాల దగ్గర రెండు వారాలుగా ఒకటే చర్చ. జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ 12వ వంతులో ఎవరిని తీసుకోవాలి, గార్డునా, రిసీవర్‌నా అని. జాక్ మార్టిన్ అనే గార్డు రిటైరయ్యారని మా మేనేజరు ఇంట్లో మనిషి ఊరు విడిచి వెళ్లినట్టు బాధపడుతున్నారు. 2025 ఏప్రిల్ 24న, గురువారం రాత్రి, డ్రాఫ్టు చూడటానికి నలుగురిని ఇంటికి పిలిచారు. అందులో నేనూ ఉన్నాను. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ఈ లైన్ అంటే ఏమిటి, దాని కోసం ఇంత తగవు ఎందుకు? వెళ్తూ ఏం పట్టుకెళ్లాలో కూడా చెప్పగలరు.

పాతకాపు, ఆర్లింగ్టన్ (2009 నుంచి)

తమ్ముడూ, ముందు కారు ఎక్కడ పెడతావో చూసుకో. ఆట సంగతి తర్వాత చెప్తాను.

2014 మే 8. అప్పట్లో ఒక అపార్టుమెంటులో ఉండేవాడిని, పేరు అనవసరం. డ్రాఫ్టు చూద్దామని ముగ్గురు స్నేహితులు మూడు కార్లలో వచ్చారు. అతిథుల స్థలం నిండిపోయింది. ఇద్దరు వెనక గోడ పక్కన ఖాళీగా ఉందని అక్కడ పెట్టారు. మన వంతు 16. అప్పటికి జానీ మాన్జెల్ ఇంకా మిగిలే ఉన్నాడు. టెక్సస్ ఎ అండ్ ఎం కుర్రాడు, కాలేజీ ఆటలో మేటివాడికిచ్చే హైస్మన్ బహుమతి గెలిచినవాడు, యజమాని జెర్రీ జోన్స్‌కు అతని మీదే మనసు ఉందని అందరికీ తెలుసు. వేదిక మీద పేరు చదివారు: జాక్ మార్టిన్, నోటర్‌డామ్. మా వాళ్లలో ఒకడు రిమోట్ సోఫాలోకి విసిరేశాడు. "ఇంత పేరున్న వాడిని వదిలి ఒక గార్డునా?" అని గంటసేపు గొడవపడ్డాం. కిందికి దిగితే గోడ పక్కన రెండు కార్లూ లేవు.

ఆఫీసు మూసేశారు. ఫోను ఎవరూ ఎత్తరు. గేటు దగ్గర ఫోను లైటు వేసి వెతికితే పూలపొద వెనక, ఇక్కడ పెడితే కారు లాక్కెళ్తాం అన్న బోర్డు కనబడింది. కారు లోపలికి వచ్చేవాడికి అందులో ఒక్క అక్షరం కనబడదు. ఆ పొదను, బోర్డును అప్పుడే ఫోటో తీశాను. అదే మమ్మల్ని కాపాడింది. కార్లు ఉన్న చోటికి నలభై నిమిషాలు. కిటికీలో కూర్చున్న మనిషి ఒక్కో కారుకు రెండు వందల డాలర్ల పైచిలుకు అడిగాడు, మాతో మరో మాట లేదు. ఇచ్చి తెచ్చుకున్నాం. రసీదు మాత్రం పట్టుబట్టి తీసుకున్నాం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. టెక్సస్‌లో కారు తీసుకెళ్తే 14 రోజుల్లోగా జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో (చిన్న తగవులు తీర్చే స్థానిక కోర్టు) విచారణ అడగవచ్చు. వకీలు అక్కర్లేదు. ప్రవేశం దగ్గర బోర్డు కనబడేలా ఉండాలన్నది చట్టం. నేను ఒక స్నేహితుడితో వెళ్లాను. జడ్జిగారు ఫోటో చూశారు, డబ్బు వెనక్కి ఇప్పించారు. రెండో స్నేహితుడు ఈ వారం, వచ్చే వారం అంటూ గడువు దాటించాడు. అతనికి పైసా రాలేదు. కాబట్టి మేనేజరు గారిని ముందే అడుగు, కారు ఎక్కడ పెట్టాలి అని. అడగడం చిన్నతనం కాదు.

ఇక ఆట. బంతి వెనక్కి అందించే మనిషి సెంటర్. అతనికి రెండు వైపులా గార్డులు, వాళ్లకు అటూ ఇటూ టాకిల్‌లు. మొత్తం ఐదుగురు. వాళ్ల వెనక క్వార్టర్‌బ్యాక్ నిలబడతాడు. ఆ ఐదుగురూ నిలిస్తేనే అతనికి బంతి విసిరే సమయం దొరుకుతుంది. ఆ రాత్రి మేం తిట్టుకున్న మార్టిన్ ఏటా మేటి ఆటగాళ్లను ఎంచే ప్రో బౌల్‌కు 9 సార్లు ఎంపికయ్యాడు. పదేళ్లకు పైగా ఆడి హోల్డింగ్, అంటే ఎదుటివాడిని పట్టుకున్న తప్పు కింద పడిన శిక్షలు 7. ఆ స్థానం ఇప్పుడు ఖాళీ. 12లో గార్డునే తీసుకోవాలని నా మాట.

అక్కయ్య, కాపెల్

బాబూ, ముందు నీ ప్రశ్నకు జవాబు. పులిహోర పట్టుకెళ్లు, అందరూ ఇష్టంగా తింటారు. వేరుశనగ మాత్రం వేయకు, ఇక్కడ చాలామందికి పడదు.

ఆర్లింగ్టన్ అన్నగారు చెప్పిన చరిత్రలో తప్పు లేదు, తేల్చిన తీర్పే నాకు నచ్చలేదు. ఆ లైన్‌ను ఒక్క గార్డు నిలబెట్టలేదు. 2011లో టైరన్ స్మిత్, 2013లో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో మార్టిన్, ముగ్గురూ మొదటి రౌండులో, అంటే జట్లన్నీ ఎంచుకునే తొలి విడతలో వచ్చారు. ఫ్రెడరిక్‌ను 31వ వంతులో తీసుకున్నప్పుడు తొందరపడ్డారని పత్రికలన్నీ దులిపేశాయి. మూడేళ్లు ఓపిక పట్టారు కాబట్టే 2014లో బంతి పట్టుకుని పరుగెత్తే డిమార్కో మర్రీ 1,845 గజాలు పరుగెత్తాడు. మరుసటి ఏడాది అదే మర్రీ ఫిలడెల్ఫియా వెళ్లి 702 దగ్గర ఆగిపోయాడు. ఇక్కడ అతని చోట పరుగెత్తిన డారెన్ మెక్‌ఫాడెన్ వెయ్యి దాటాడు. లైన్ విలువ తెలియాలంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి.

నా భయం ఎడమ టాకిల్ గురించి. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు వీపు ఉండేది అటువైపే. నిరుడు 29వ వంతులో తీసుకున్న టైలర్ గైటన్ ఓక్లహోమా కాలేజీ జట్టులో కుడివైపు ఆడాడు. అక్కడి క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతివాటం, కాబట్టి అతని వీపు కాచింది గైటనే, కాదనను. అయినా ఇక్కడ ఎడమవైపుకు మార్చేసరికి అడుగులన్నీ తిరగబడ్డాయి. మొదటి ఏడాదంతా తప్పులకు రిఫరీలు విసిరే జెండాలే. మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్లు ఇచ్చి, నిరుడు సగం సీజన్ గాయంతో బయట కూర్చోబెట్టుకున్నాం. ఆయన వీపు కాసే చోటు తేలకుండా గార్డు గురించి మాట్లాడటం ఏమిటి?

మిత్రుడు, ప్లేనో

ముందు చట్టం సంగతి. అన్నగారూ, ఆ 14 రోజుల్లో శని ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. నేనూ ఒకసారి వెళ్లాను, బాగా గుర్తు.

ఇక లైన్. మీరిద్దరూ మొదటి రౌండు దగ్గరే ఆగిపోయారు. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) గెలిచిన ఫిలడెల్ఫియాను చూడండి. ఎడమ టాకిల్ జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునేవాడు, 2018లో 7వ రౌండులో దొరికాడు. లాండన్ డికర్సన్, క్యామ్ జర్గెన్స్ రెండో రౌండు వాళ్లు. కుడి గార్డు మెకై బెక్టన్‌ను న్యూయార్క్ జెట్స్ జట్టు మొదటి రౌండులో తీసుకుని వదిలేస్తే, వీళ్లు తెచ్చి చోటు మార్చి నిలబెట్టారు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చేతి చలవ అది. మన దగ్గర టెరెన్స్ స్టీల్‌ను డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు, అయినా కుడి టాకిల్‌గా స్థిరపడ్డాడు. 12లో రిసీవర్‌ను, అంటే విసిరిన బంతి అందుకునేవాడిని తీసుకోండి. మన రిసీవర్ సీడీ ల్యాంబ్‌కు రెండో వైపు ఎవరున్నారు? గార్డు మన తర్వాతి వంతు 44లో కూడా దొరుకుతాడు.

ఇంకొక మాట. 2014 లైన్, 2016 లైన్ అని తలుచుకుని మురిసిపోతాం. రెండుసార్లూ గ్రీన్‌బే జట్టు చేతిలో ఓడి ఇంటికొచ్చాం. 1995 సీజన్ తర్వాత సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ గడప తొక్కలేదు.

పాతకాపు, ఆర్లింగ్టన్

శని ఆదివారాలు లెక్కలో లేకపోతే మంచిదే. కానీ కొత్తగా వచ్చిన పిల్లవాడికి గడువు పెద్దదని చెప్పకండి ప్లేనో గారూ. మా స్నేహితుడు చెడింది సరిగ్గా అలాంటి ధీమాతోనే. మర్నాడే వెళ్లమని నేను చెప్తాను.

గ్రీన్‌బే చేతిలో ఓడింది లైన్ వల్ల కాదు. 2016 సీజన్‌లో 34-31తో, చివరి క్షణాల్లో కొట్టిన కిక్కుతో ఓడాం. ఎజికియల్ ఎలియట్ మొదటి ఏడాదే 1,631 గజాలు పరుగెత్తాడు, నాలుగో రౌండులో వచ్చిన ప్రెస్కాట్ 13 ఆటలు గెలిపించాడు. ఇద్దరు పసివాళ్లను ఆ ఐదుగురు మోశారు. అది నేను స్టేడియంలో కూర్చుని చూశాను, టీవీలో కాదు.

తండ్రి, ఫ్రిస్కో

నేను డిగ్రీ రోజుల్లో కబడ్డీ ఆడాను, కార్నర్‌లో నిలబడేవాడిని. మా అబ్బాయి ఇక్కడ హైస్కూలు జట్టులో గార్డు. కొత్తవాడికి ఆ దారిలో చెప్తాను.

కబడ్డీలో మన పని పట్టుకోవడం. ఇక్కడ పట్టుకుంటే తప్పు, 10 గజాలు వెనక్కి వెళ్లాలి. ఎదుటివాడిని పట్టకుండా ఆపాలి. మా వాడి కోచ్ సాధనలో పిల్లల రెండు చేతుల్లో టెన్నిస్ బంతులు పెడతాడు. గుప్పిట బంతితో నిండి ఉంటే ఎదుటివాడి చొక్కా వేళ్లకు దొరకదు. అరచేతి అడుగుభాగంతో ఛాతీ మీద కొట్టాలి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉండాలి, కాళ్లు మాత్రం చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ ఉండాలి. మొదటి నెల మా వాడు రోజూ మెడ పట్టేసి ఇంటికి వచ్చేవాడు. వాళ్లమ్మ కొబ్బరినూనె రాసి కాపడం పెట్టేది.

చేతుల పొడవు గురించి మీ ఆఫీసులో తప్పకుండా మాట్లాడతారు. టాకిల్‌కు 33 అంగుళాలు ఉండాలని ఒక లెక్క. టైరన్ స్మిత్‌వి 36 దాటాయి. మార్టిన్‌వి 33కు కాస్త తక్కువ, అందుకే కాలేజీలో టాకిల్‌గా ఆడినవాడు ఇక్కడ గార్డు అయ్యాడు. ఈ ఏడాది లూసియానా స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు విల్ క్యాంప్‌బెల్ మీద అదే తగవు. టాకిల్‌కు బయట చోటు ఎక్కువ, చెయ్యి పొట్టిదైతే ఎదుటివాడు ముందు తాకుతాడు. గార్డుకు ఇరుపక్కలా మనుషులుంటారు కాబట్టి బలం, తెలివి ఎక్కువ కావాలి.

అలబామా గార్డు టైలర్ బుకర్ 40 గజాల పరుగుకు 5.38 సెకన్లు పట్టిందని నవ్వుతున్నారు. గార్డు ఆటలో 40 గజాలు ఎప్పుడు పరుగెత్తాడు? మొదటి రెండు అడుగులు చూడండి. నేనైతే అతన్నే తీసుకుంటాను. కాపెల్ అక్కయ్య గారు చెప్పిన గైటన్ భయం నిజమే. కానీ పక్కనే ఉన్న టైలర్ స్మిత్‌ను 2022లో 24వ వంతులో తీసుకున్నప్పుడు కూడా తప్పులు ఎక్కువ చేస్తాడనే అన్నారు. ఇవాళ అతను ఎడమ గార్డుగా ప్రో బౌల్ ఆటగాడు. గైటన్‌కు ఒక్క ఏడాదే అయింది.

అక్కయ్య, కాపెల్

అడుగుల మాట ఒప్పుకుంటాను ఫ్రిస్కో గారూ. కానీ బుకర్ వచ్చి, గైటన్ ఈ ఏడాదీ తడబడితే, టైలర్ స్మిత్‌ను మళ్లీ టాకిల్‌కు జరుపుతారు. అప్పుడు రెండు చోట్లా కొత్తవాళ్లే అవుతారు. ఇది మీరు రాసి పెట్టుకోండి.

కొత్తవాడు, ఇర్వింగ్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫ్రిస్కో గారు చెప్పిన టెన్నిస్ బంతుల మాట ఇవాళ భోజనాల దగ్గర చెప్పాను. మా మేనేజరు తినడం ఆపి, లేచి నిలబడి, మోచేతులు ఎక్కడ ఉండాలో చేసి చూపించారు. ఆయన కాలేజీలో సెంటర్‌గా ఆడారట, రెండు నెలలుగా పక్క సీటులో ఉండి ఇవాళే తెలిసింది. కారు ఇంటి ముందు వాకిట్లోనే పెట్టమన్నారు. ఆర్లింగ్టన్ అన్నగారూ, అయినా వీధి చివర బోర్డు ఉంటే ఫోటో తీసుకుంటాను. డ్రాఫ్టు రాత్రి 7 గంటలకు మొదలవుతుందట, ఒక్కో జట్టుకు 10 నిమిషాలు. 12వ వంతు అయ్యాక ఎవరిని తీసుకున్నారో అక్కడి నుంచే రాస్తాను.