గేర్‌బాక్స్ విప్పి కట్టాక ఆయిల్ కూలర్ కడిగితే చాలా, మార్చాలా?

పటమట సీను: ఆటోమేటిక్ కారు. గేర్‌బాక్స్ ఆటోనగర్‌లో విప్పించా. అడుగు పాన్‌లోని అయస్కాంతం నిండా ఇనుప రజను. ఆ రజను ఆయిల్ కూలర్‌లోకీ పోయి ఉంటుందట. కూలర్ రేడియేటర్ లోపలే ఉంది, అందుకని రేడియేటర్ మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. కడిగితే సరిపోదా?

కృష్ణలంక కుర్రోడు: మార్పించెయ్ అన్నా, టెన్షన్ ఉండదు.

బ్రాడీపేట: ఎందుకు మార్చాలి? లైన్లు రెండూ విప్పి, ఆయిల్ వెళ్లే దిక్కుకు ఎదురు నుంచి కడగాలి. గాలి కొట్టి, ఆపైన కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పంపి తెల్ల గుడ్డలో వడగట్టి చూడండి. రజను రాకపోతే పని అయిపోయినట్టే. నాది కిరసనాయిలుతోనే కడిగారు, బండి బంగారంలా నడుస్తోంది.

ఆటోనగర్ పాతకాపు: కిరసనాయిలా! అది లోపల మిగిలితే కొత్త ఆయిల్ పల్చబడుతుంది మాస్టారూ.

బ్రాడీపేట: గాలి కొట్టాలని రాశాగా. కిరసనాయిలు ఒక్కటే కనిపించిందా మీకు?

మంగళగిరి: సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే ఏటీఎఫ్ పోయకండి. దాని ఆయిల్ వేరు.

ఆటోనగర్ పాతకాపు: కూలర్ అంటే ఉత్త గొట్టం కాదండీ. చాలావాటిలో రేకుల మధ్య సన్నటి జాలీ ఉంటుంది. అక్కడ ఇరుక్కున్న రజను కడిగినప్పుడు రాదు, బండి వేడెక్కాక వదులుతుంది. తిరిగి గేర్‌బాక్స్‌లోకే పోతుంది. కూలర్ సగం మూసుకుపోతే మే నెల బెజవాడ ఎండకు గేర్‌బాక్స్ ఉడికిపోతుంది. గుడ్డలో వడగట్టి చూస్తే అవన్నీ తెలుస్తాయా?

బ్రాడీపేట: ధార కొలిచి చూడొచ్చుగా. కొన్ని మాన్యువల్స్‌లో 20 సెకన్లకు దాదాపు లీటరు అని ఉంటుంది. కొలిచే ఓపిక లేదు మీకు, రేడియేటర్ షాపు కమీషన్ మాత్రం కావాలి. పోయినేడు నాకూ ఇలాగే అక్కర్లేని పంప్ అంటగట్టారు.

ఆటోనగర్ పాతకాపు: కమీషనా? కడిగితే చాలని మీరే పట్టుబడతారు. నాలుగు నెలలకు మళ్లీ స్లిప్ అయితే గేర్‌బాక్స్ ఊరికే విప్పమని మా షెడ్డు ముందే కూర్చుంటారు. ఆ లేబర్ ఎవరిస్తారు?

బ్రాడీపేట: ఇప్పుడొచ్చింది అసలు మాట! మారిస్తే గ్యారంటీ బిల్లు మీద రాసిస్తారా?

ఆటోనగర్ పాతకాపు: రాస్తా. కూలర్ మార్చి, ఆయిల్ గేర్‌బాక్స్‌కి తిరిగొచ్చే రిటర్న్ లైన్‌లో ఫిల్టర్ వేస్తే ఆరు నెలలు. కడిగినదానికి ఒక్కరోజు కూడా రాయను.

కృష్ణలంక కుర్రోడు: నేను మొదటే చెప్పా.

పటమట సీను: మా మెకానిక్‌ని అడిగా. మారిస్తే మూడు నెలలు రాసిస్తాడట. సరే అన్నా. పాత రేడియేటర్ నాకిచ్చెయ్ అంటే మాత్రం కుదరదంటున్నాడు. అది మనదే కదా?