అడెనోమయోసిస్‌కి గర్భసంచి తీయించుకోవడమేనా దారి?

ఈసీఐఎల్ అమ్మాయి:
మా వదినకు 38 ఏళ్లు. రెండేళ్లుగా నెలసరి వస్తే మూడు రోజులు మంచం దిగడం లేదు. గడ్డలు గడ్డలుగా బ్లీడింగ్. హిమోగ్లోబిన్ 7.8. స్కానింగ్ రిపోర్టులో ‘బల్కీ యుటెరస్ (ఉబ్బిన గర్భసంచి), అడెనోమయోసిస్’ అని రాశారు. ఇంటి దగ్గర నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ ఐదు నిమిషాలు చూసి, “పిల్లలున్నారుగా, తీయించేసుకోండి, సోమవారం రండి” అన్నారు. మా అమ్మదీ అదే మాట. మీరేమంటారు?

మలక్‌పేట అక్క:
తీయించెయ్యమ్మా. నేను మూడేళ్లు మాత్రలు మింగాను, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ వేయించుకుంటే అదీ జారిపోయింది. 44వ ఏట గర్భసంచి తీయించుకున్నాను, అండాశయాలు ఉంచారు. ఆ తర్వాతే లేత రంగు చీర కట్టుకుని భయం లేకుండా బస్సెక్కాను. ఆపరేషన్ అంటేనే నేరమన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

తార్నాక:
అక్కా, మీరు అన్నీ వాడి చూసి తీయించుకున్నారు. వీళ్ల వదినకు ఒక్క మాత్రైనా ఇవ్వకుండానే తేదీ ఇచ్చేశారు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

అడెనోమయోసిస్ క్యాన్సర్ కాదు. గర్భసంచి లోపలి పొరలో ఉండాల్సిన కణజాలం దాని కండరంలోకి చొచ్చుకుపోయి పెరుగుతుంది. దాంతో గోడ మందమవుతుంది, సంచి ఉబ్బుతుంది. కండరంలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఫైబ్రాయిడ్ గడ్డలాగా విడిగా తీయడం కష్టం. పూర్తిగా పోవాలంటే సంచి తీయాలన్నది నిజమే. కానీ నెలసరి ఆగిపోయాక సాధారణంగా బాధ దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా నెట్టుకురావడానికి బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రలు, హార్మోన్ లూప్ ఉన్నాయి. లూప్ వేసిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు అప్పుడప్పుడూ చుక్కలు కనిపిస్తాయి. ఆ మాట ముందే చెప్పకపోతే టెన్షన్ పడి లూప్ తీయించేస్తారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. జబ్బులు మన దగ్గరే అన్ని రెట్లు ఉన్నాయంటే నేను నమ్మను. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మలక్‌పేట అక్క:
లెక్కలు సరే. 7.8తో ఇల్లూ, ఉద్యోగమూ లాగేది ఆమె. ‘ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అనడం పక్కవాళ్లకు తేలిక.

తార్నాక:
అది ఒప్పుకుంటాను. ముందు రక్తం పెరగాలి, ఐరన్ మాత్రలా ఇంజెక్షనా అన్నది ఈ వారమే అడగండి. మందులు పనిచేయకపోతే ఆపరేషన్‌కు నేనూ వద్దనను. అప్పుడైనా అండాశయాలు ఉంచుతారా అని తప్పకుండా అడగండి. ఈ వయసులో అవి కూడా తీసేస్తే ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది.

ఈసీఐఎల్ అమ్మాయి:
ఇప్పుడే వదినను అడిగాను. అండాశయాల మాటే ఎత్తలేదట. సోమవారం అక్కడికి వెళ్లడం లేదు. రిపోర్టులు పట్టుకుని పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రికి వెళ్తున్నాం. పొద్దున్నే ఓపీ దగ్గర ఎన్నింటికి ఉండాలో ఎవరికైనా తెలుసా?