సమస్యాపూరణం: "కదలకున్న బొమ్మ కదలిపోవు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు రాసి, వింతగా కనిపించే ఈ పాదానికి అర్థం కుదర్చాలి.

కదలకున్న బొమ్మ కదలిపోవు

ఇది ఊరికే పుట్టలేదు. మన రాజోలు తమ్ముడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే దేవుడి ఎత్తైన ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే జాతరకి, డ్రోను పట్టుకెళ్ళాడు. గంగలకుర్రు ప్రభ ఎగువ కౌశిక దాటే ఘట్టం కోసం పొద్దుటి నుంచీ కాపు కాశాడు. తీరా చూస్తే, కాలవ నీళ్ళలో దిగి మోసినవాళ్ళ భుజాల మీద ప్రభ నిటారుగానే ఉంది, వీడియోలో మాత్రం ఆకాశం, కొబ్బరిచెట్లు, ప్రభ, అన్నీ కలిసి ఊగిపోతున్నాయి. జనం నెత్తి మీద నుంచి కాకుండా పక్క చేను మీద నుంచి తీశాడు లెండి, ఆ బుద్ధికి మెచ్చుకోవాలి.

గింబల్ పాడైందట. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. డ్రోను ముందు భాగంలో కెమెరాను పట్టుకుని ఉండే చేతులే గింబల్. అందులో మూడు మోటార్లుంటాయి. ఒకటి కెమెరాను ఎడమకీ కుడికీ తిప్పుతుంది, ఒకటి పైకీ కిందికీ వంచుతుంది, ఇంకోటి పక్కకి వాల్చుతుంది. గాలికి డ్రోను ఎడమకి ఒరిగిందనుకోండి, లోపలి సెన్సర్ పసిగట్టి కెమెరాను అంతమేరకే కుడికి తిప్పిస్తుంది. ఇంతకంటే చెబితే పూరణ నేనే చేసినట్టవుతుంది.

ఐదూ సూర్యగణాలు (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ఇక్కడ క–క. డ్రోను మీదే రాయాలని లేదు. కానీండి.

కొత్తపేట సభ్యుడు:
బోణీ నాది.

తొడుగు తీయ మరచి తోటలో నెగిరింప
మెడకు పట్టు తగిలి మిషను మూల్గు;
చేయి తిరుగునపుడె చిత్రంబు నిలుచును;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

మండపేట మాస్టారు:
శుభం. సమస్యలో విరోధం ఎక్కడుందో అక్కడే పట్టుకున్నావు నాయనా. మూడో పాదం చదివాక నాలుగో పాదం వింతగా అనిపించదు, అదే పూరణ అంటే. "తొడుగు–తోట", "చేయి–చిత్రంబు" యతులు హాయిగా ఉన్నాయి. "మిషను" వాడినందుకు ఎవరైనా ముక్కు విరిస్తే నా పేరు చెప్పు. "చిత్రంబు" పక్కన "మిషను" కూర్చోవడమే కాస్త ఎబ్బెట్టు, అంతే.

అమలాపురం మెకానిక్:
పద్యం బాగుందండి. నాదో చిన్న అభ్యంతరం, ఛందస్సు మీద కాదు. కెమెరాకి వేసే ప్లాస్టిక్ తొడుగు తీయకుండా ఆన్ చేస్తే కొన్ని మోడల్స్ గాల్లోకి లేవనే లేవవు. యాప్‌లో గింబల్ మోటార్ మీద లోడ్ ఎక్కువైందని ఎర్ర అక్షరాలు పడతాయి. మీరన్న ఆ మూలుగు మాత్రం నిజం, సన్నగా కీమని వినిపిస్తుంది. అది వినగానే బ్యాటరీ ఆపేసి, తొడుగు తీసి, మళ్ళీ ఆన్ చేయాలి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. అలాగే వదిలేస్తే మోటారు వేడెక్కిపోతుంది. నా షాపుకొచ్చే కేసుల్లో తొడుగుదీ, గడ్డిలో పెట్టి ఆన్ చేసినవాళ్ళదీ పెద్ద వాటా. గడ్డిపరక అడ్డుపడినా అది తొడుగుతో సమానమే.

మండపేట మాస్టారు:
కవి ఎగిరించాడు, మీ మిషను ఎగరనంది. ఆ మాత్రం వెసులుబాటు కవికి ఇవ్వండి బాబూ.

నర్సాపురం సభ్యుడు:
మాకు గోదారి ఇసుక తిన్నెలే కదండీ రన్‌వే.

ఇసుక తిన్నె మీద నెగురవేసిన డ్రోను
రెక్క గాలి తోడ రేగె దుమ్ము;
సందు దూరి యిసుక సంధిని బంధించె;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

కొత్తపేట సభ్యుడు:
"ఎగురవేసిన డ్రోను" దగ్గర "డ్రో" సంయుక్తాక్షరం కదా, ముందున్న "న" గురువు కాదా మాస్టారూ? అప్పుడు గణం చెడుతుంది.

మండపేట మాస్టారు:
కాదు. సంస్కృత సమాసమైతే అవుతుంది. ఇక్కడ "వేసిన" తెలుగు మాట, "డ్రోను" అరువు మాట, రెండూ విడివిడిగానే పలుకుతాం. కాబట్టి "న" లఘువే, "సిన డ్రోను" సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) సరిపోయింది. మూడో పాదం మాత్రం ముచ్చటగా ఉందయ్యా. "సందు–సంధి–బంధించె", నాలుక మీద దొర్లుతోంది. రెండో పాదమే కాస్త నింపుడు సరుకు.

అమలాపురం మెకానిక్:
ఇసుక పట్టిందో లేదో తెలుసుకోవడం తేలికండి. డ్రోను ఆపేసి, చూపుడు వేలితో కెమెరాను మెల్లిగా మూడు వైపులా తిప్పి చూడాలి. బాగున్న గింబల్ వెన్నలా కదులుతుంది. ఎక్కడైనా గరగరమంటే ఇసుక. కెమెరా లెన్స్ తుడిచే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి చాలు. పంచర్ షాపుకి తీసుకెళ్ళి ఎయిర్ పెట్టించకండి, ఆ ప్రెషర్‌కి ఇసుక ఇంకా లోపలికి పోతుంది, పైగా ఆ గాలిలో తడి ఉంటుంది. కొబ్బరినూనె చుక్క వేసుకొచ్చిన మహానుభావులూ ఉన్నారు. నూనెకి ఇసుక అంటుకుంటే ఇక ఊదినా రాదు. ఈసారి తిన్నె మీద ఓ పరదా పట్టా పరిచి దాని మీద నుంచి లేపండి.

యానాం అక్కయ్య:
నాకు డ్రోను సంగతులు తెలియవు. మా ఇంటి సంక్రాంతి బొమ్మల కొలువు సంగతి రాశాను.

మెట్టు మీద పిల్లి మీసాలు దువ్వుచు
కొలువు నడుమ చేరి కునుకు తీసె;
తోక తగులు నట్టె, తోలరా దానిని;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

మండపేట మాస్టారు:
అమ్మా, శెభాష్. సమస్య ఇచ్చినవాడు కూడా ఊహించని దారి. పిల్లి కదలకపోతే బొమ్మ కదులుతుంది! "మీసాలు దువ్వుచు" అన్నప్పుడే ఆ పిల్లి రాజసం కళ్ళకు కట్టింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే నచ్చింది. మెకానిక్ గారు కోప్పడకూడదు.

అమలాపురం మెకానిక్:
పిల్లి రిపేరు నా వల్ల కాదండి.

రాజోలు తమ్ముడు:
అందరికీ దండాలు. వీడియో నాదే. తొడుగు తీశాను, ఇసుక లేదు, వేలితో తిప్పితే మెత్తగానే తిరుగుతోంది. ఆన్ చేస్తే మాత్రం కెమెరా తల వాల్చేస్తోంది. యాప్‌లో గింబల్ క్యాలిబ్రేషన్ నొక్కితే సగంలో ఆగిపోతోంది. కౌశిక దగ్గర వెనక్కి తెస్తుంటే ఓ కొబ్బరాకు తగిలిన మాట నిజం. అది తగిలాకే ఈ ఊగుడు మొదలైంది. టెన్షన్‌లో పద్యం కూడా రాశాను, దిద్దండి.

కొబ్బరాకు తగిలి కొసన తీగ తెగెను;
చేయి కలదు గాని చేష్ట లేదు;
తీగ మార్చకుండ ఎన్ని తిప్పలు పడ్డ
కదలకున్న బొమ్మ కదలిపోవు.

మండపేట మాస్టారు:
మొదటి రెండు పాదాలకీ వంక లేదు. "చేయి కలదు గాని చేష్ట లేదు" అనగలిగావంటే నీ డ్రోను పాడవడం సాహిత్యానికి మంచిదే అయింది. మూడో పాదంలో గణాలు సరిపోయాయి, యతి తప్పింది. "తీ"కి "ఎ" ఎలా పొసగుతుంది? పైగా "మార్చకుండ ఎన్ని" అని మధ్యలో అచ్చు విడిగా నిలబడింది. మాటలు అటూ ఇటూ జరుపు, కొత్తవి అక్కర్లేదు.

తీగ మార్చకుండ తిప్పలెన్ని పడిన

"తీ–తి" కుదిరింది, అచ్చు గొడవా పోయింది.

అమలాపురం మెకానిక్:
తమ్ముడూ, రోగం నీ పద్యంలోనే ఉంది. ఆన్ చేశాక కెమెరా బొమ్మ ఫోన్‌లో వస్తోందా?

రాజోలు తమ్ముడు:
వస్తోందండి. క్లియర్‌గా వస్తోంది. వంకరగా వస్తోంది, అంతే.

అమలాపురం మెకానిక్:
అయితే కెమెరా బతికే ఉంది. చాలా మోడల్స్‌లో బొమ్మ మోసుకొచ్చే వైరు వేరు, మోటార్లకు కరెంటు, సంకేతాలు ఇచ్చే పల్చటి రిబ్బన్ వేరు. బొమ్మ వస్తూ చేయి చచ్చుబడిందంటే ముందు ఆ రిబ్బన్‌నే అనుమానించాలి. అది గింబల్ చేతుల చుట్టూ మడతలు పడి ఉంటుంది. టార్చి వేసి, భూతద్దం పెట్టి, మడత పడిన చోట్ల చూడు. వెంట్రుకవాసి చీలిక అయినా చాలు. క్యాలిబ్రేషన్ ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం లేదు. మోటారు కదిలే స్థితిలో ఉంటే దాని లెక్క సరిచేసేదే క్యాలిబ్రేషన్, తెగిన రిబ్బన్‌ని అతికించదు. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ప్రతివాడూ ముందు ఆ బటన్ మీదే పడతాడు.

చీలిక కనబడితే నీ మోడల్ రిబ్బనే తెప్పించు. స్క్రూలు బియ్యపు నూకంత ఉంటాయి, తలలు ఇట్టే అరిగిపోతాయి, సరైన సైజు స్క్రూడ్రైవర్ లేకపోతే ముట్టుకోకు. విప్పే ముందు ప్రతి మడతకీ ఫోటో తీసుకో. రిబ్బన్ మార్చాక అప్పుడు నొక్కు క్యాలిబ్రేషన్.

సఖినేటిపల్లి సభ్యుడు:
క్యాలిబ్రేషన్ మాట వచ్చింది కాబట్టి నాదీ వేస్తున్నా. పంటు, అదే మా రేవు పడవ, మీద గోదారి దాటేటప్పుడు జరిగిన కథే.

పంటు మీద పెట్టి బ్యాలెన్సు సరిచేయ
అలకు పంటు కదిలె, యాపు తిట్టె;
నేల చదును చూసి నిలపరా బామ్మర్ది;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

మండపేట మాస్టారు:
"యాపు తిట్టె"కి పడీ పడీ నవ్వాను. "అలకు–యాపు" యతి కూడా చెల్లుతుంది. కానీ మూడో పాదానికీ నాలుగో పాదానికీ ముడి పడలేదు. బామ్మర్దిని నేల మీద పెట్టమన్నావు, నేల కదలదు, మరి "కదలకున్న" అన్నది దేన్ని? చదివేవాడు నేలనే అనుకుంటాడు, అర్థం తల్లకిందులవుతుంది. బామ్మర్ది పోతాడని బాధపడకపోతే ఇలా చేసి చూడు.

నేల కదలరాదు, నెత్తి కదలవలె;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

సఖినేటిపల్లి సభ్యుడు:
బామ్మర్దికి చెప్పాను, ఒప్పుకున్నాడు.

అమలాపురం మెకానిక్:
పంటు మీద క్యాలిబ్రేషన్ చేస్తే యాప్ తిట్టడం న్యాయమేనండి. చదునైన బల్ల మీద పెట్టి, అది పూర్తయ్యేదాకా చేయి తగలకుండా చూడాలి. ఫ్యాన్ కూడా కట్టేయండి. ఇక నన్నూ ఒకటి వేయనివ్వండి, మాస్టారు ఏమీ అనుకోకపోతే.

కంటి ముందు బరువు గాజును బిగియింప
తూకమంత చెడును, తోసి తోసి
మోటరలసి వేడి ముదిరి నిలిచిపోవు;
కదలకున్న బొమ్మ కదలిపోవు.

మండపేట మాస్టారు:
అనుకుంటానా! మెకానిక్ గారు మూడు పాదాల్లో కారణం, పని, ఫలితం వరసగా పేర్చారు. "తోసి తోసి" దగ్గర పాదం ముగియడం వల్ల మోటారు పడే అవస్థ మన ఊపిరికీ తెలుస్తోంది. ఆ గాజు ఏమిటో చెప్పండి.

అమలాపురం మెకానిక్:
ఎండ తగ్గించడానికి లెన్స్ మీద పెట్టే ఫిల్టరండి. గింబల్ మోటార్లు కెమెరా సొంత బరువుకి సరిపడా చేసినవి. చవగ్గా వచ్చిందని బరువైన ఫిల్టర్ తగిలిస్తే ముందుకి తూగుతుంది, మోటారు అస్తమానం దాన్ని వెనక్కి లాగుతూనే ఉండాలి. తేలికైనది వాడండి. మారిస్తే ఆన్ చేయక ముందే మార్చండి, తర్వాత కాదు.

పాలకొల్లు చెల్లాయి:
అందరూ గింబల్ మీదే పడ్డారు. నేను తమ్ముడి వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. కొబ్బరాకు తగలకముందు కూడా బొమ్మ సన్నగా అలలు అలలుగా వణుకుతోంది. తగిలాక వచ్చింది పెద్ద ఊగుడు. ఈ రెండూ ఒకటి కాదు. నా పూరణలో "కదలకున్న బొమ్మ"ని కదలక ఉన్న బొమ్మ అని విడదీశాను.

రెక్క చివర విరిగి రేగిన వణుకుకు
జున్నుముక్కలాగ చోద్యమయ్యె;
నిలిచియున్న ప్రభయె, నిట్టనిలువుగాను
కదలకున్న బొమ్మ, కదలిపోవు.

మండపేట మాస్టారు:
ఇదమ్మా అన్వయం! మేమంతా "కదలకపోతే" అని చదివాం, నువ్వు "కదలక ఉన్న" అని చదివావు. ఒక్క అక్షరం మార్చకుండా పాదం అర్థం పక్కకి జరిగింది. ప్రభ కదలలేదు, బొమ్మలో కదిలింది. "నిలిచి–నిట్ట" యతి సరి. "చోద్యమయ్యె"కి కర్త ఎవరని అడగబోయి, మూడో పాదంలో ప్రభ కనబడగానే ఊరుకున్నాను. వాక్యం పాదం దాటి సాగడం ఆటవెలదిలో తప్పేమీ కాదు. పిల్లి పద్యం రెండో స్థానానికి దిగింది.

రాజోలు తమ్ముడు:
అక్కా, ఇప్పుడే చూశాను. ఒక రెక్క చివర గోరంత ముక్క లేదు.

అమలాపురం మెకానిక్:
చెల్లెమ్మ పట్టింది చూశారా. చాలా చిన్న డ్రోన్ల కెమెరాలు బొమ్మను ఒక్కసారిగా పట్టవు, పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతాయి. ఆ సందులో రెక్క వణుకు చేరితే ఒక వరస ఇటు, ఒక వరస అటు పడి బొమ్మ జున్నులా కనబడుతుంది. గింబల్ నిదానమైన ఊపును ఆపగలదు, అంత వేగంగా వచ్చే సన్న వణుకును ఆపలేదు. దాన్ని మింగాల్సినవి గింబల్‌ని ఒంటికి కట్టి ఉంచే రబ్బరు బుడిపెలు. తమ్ముడూ, అవి నాలుగూ సీట్లో ఉన్నాయో లేదో చూడు, ఆకు తగిలినప్పుడు ఒకటి ఊడి ఉండొచ్చు. రెక్కలు జతగా మార్చు, ఒక్కటే మార్చకు. రిబ్బన్ వచ్చాక డ్రోను తీసుకుని షాపుకి రా, నువ్వు విప్పితే నాకు రెండు పనులవుతాయి.

రాజోలు తమ్ముడు:
ఆయ్, వస్తానండి. రబ్బర్లు మూడే ఉన్నాయి. నాలుగోది కౌశిక పాలైనట్టుంది.

నిర్వాహకుడు:
మాస్టారి తీర్పు మీద అప్పీలు లేదు. మొదటి స్థానం పాలకొల్లు చెల్లాయిది, రెండోది యానాం అక్కయ్యది. రాజోలు తమ్ముడి "చేయి కలదు గాని చేష్ట లేదు" పాదాన్ని విడిగా మెచ్చుకుంటున్నాం. ఎవరైనా ఇంకా పంపాలనుకుంటే పంపండి, తొడుగు మీద మాత్రం మరో పద్యం వద్దు, అలాంటివి విడిగా నాకు చాలానే వచ్చాయి.

వచ్చే వారానికి తేటగీతి పాదం. కాలవ శివారు రైతులకు ఇది సమస్యలాగే అనిపించకపోవచ్చు, వాళ్ళు వేరే దారి వెతకాలి.

నీటి పైనున్న వానికే నీరు లేదు