డీజిల్ బండి బానెట్ కింద షీట్ వేయించాలా వద్దా? మన ఎండలు తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి_డీజిల్:
నాది 2016 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. పికప్, మైలేజ్ అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఐడిల్‌లో ఆ టకటక అంతా క్యాబిన్‌లోకే వస్తోంది, సిగ్నల్ దగ్గర మా ఆవిడ ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లు ట్రాక్టర్ ఎక్కారా అని అడుగుతున్నారు. బానెట్ కింద బ్యూటైల్ షీట్ (జిగురుండే రబ్బరు షీట్) అంటించి, దాని మీద ఫోమ్ వేస్తే సౌండ్ సగం పోతుందని యాక్సెసరీస్ షాపతను అంటున్నాడు. మా మెకానిక్ ఏమో రాజమండ్రి ఎండల్లో బానెట్‌కి దుప్పటి కప్పితే ఇంజిన్ ఉడికిపోతుందని తిట్టాడు. ఎవరి మాట వినాలి?

బెజవాడ_బండి:
మెకానిక్ మాటే వినండి. రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఇరుక్కుంటే మామూలు బండికే ఫ్యాన్ ఆగదు. బండి ఆపాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. అంటే ఆ రేకు లోపలి వేడిని బయటికి పంపుతోందనేగా? ఆ దారి మూసేసి ఇంజిన్‌ని చల్లగా ఉండమంటే ఎలా ఉంటుంది?

నట్టుబోల్టు:
ఇంజిన్‌ని చల్లబరిచేది బానెట్ రేకు కాదండీ, రేడియేటరు. గ్రిల్‌లోంచి వచ్చిన గాలి రేడియేటర్ దాటి, ఇంజిన్ చుట్టూ తిరిగి, ఎక్కువ భాగం కింది నుంచి పోతుంది. రేకు గుండా పోయే వేడి దాంతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకోటి, చాలా మోడళ్లలో టాప్ వేరియంట్‌కి కంపెనీ నుంచే బానెట్ లైనర్ (బానెట్ లోపలివైపు బిగించే మెత్తటి పొర) వస్తుంది, కింది వేరియంట్‌కి రాదు. రెండిటికీ రేడియేటర్ అదే, ఫ్యాన్ అదే. లైనర్ వల్ల ఇంజిన్ ఉడికేదైతే ముందు టాప్ వేరియంట్ కొన్నవాళ్లే రోడ్డు పక్కన నిలబడాలి కదా. నా బండికి లైనర్ వేయించాక ఓబీడీ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే పరికరం) పెట్టి చూశాను, కూలెంట్ టెంపరేచర్ ముందెంతో తర్వాతా అంతే.

బెజవాడ_బండి:
అంతే ఉంటుంది, ఎందుకుండదు? థర్మోస్టాట్, ఫ్యాన్ ఉన్నదే కూలెంట్‌ని 90 దరిదాపుల్లో పట్టి ఉంచడానికి. దాన్ని చూసి వేడి పెరగలేదంటే నేను ఒప్పుకోను. చూడాల్సింది ఇంజిన్ చుట్టూ ఉన్న గాలి. బండి ఆపగానే వాటర్ పంప్ ఆగుతుంది, గాలి ఆడదు, మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు), టర్బోలో ఉన్న వేడంతా పైకి లేచి బానెట్ కింద చేరుతుంది. ఆ అరగంట నలిగేది వైరింగు, రబ్బరు హోస్‌లు, బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ 10 డిగ్రీలు అదనంగా వేడెక్కితే ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని బ్యాటరీల వాళ్లందరూ చెప్పే లెక్కే. మన దగ్గర బ్యాటరీలు చల్లటి ఊళ్లలో లాగా ఎందుకు మన్నవనుకుంటున్నారు?

నట్టుబోల్టు:
బండి ఆపాక వేడి ఎక్కువసేపు నిలుస్తుందంటే సరే, అది నిజమే. కానీ ఎంత నిలుస్తుంది? కింద అంతా తెరిచే ఉంది, హెడ్‌లైట్ల పక్కన, వైపర్ల దగ్గర సందులున్నాయి. పోనీ మీకంత టెన్షన్‌గా ఉంటే ఆపాక ఓ పది నిమిషాలు బానెట్ లేపి ఉంచండి.

ఆటోనగర్_పాతకాపు:
మీరిద్దరూ వేడి దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలాయన అడిగింది సౌండ్. తమ్ముడూ, నీకు వినిపించే టకటకలో బానెట్ మీదుగా వచ్చేది కొంతే. మిగతాది ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) నుంచి, ఫౌండేషన్ల (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల) నుంచి. 2016 బండి అంటున్నావు, ఇంజిన్ ఫౌండేషన్లు ఎప్పుడైనా మార్చావా? రబ్బరు గట్టిపడితే ఇంజిన్ వణుకు నేరుగా బాడీలోకి పోతుంది, అప్పుడు బానెట్‌కి ఎన్ని షీట్లు అంటించినా స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. బ్రేక్ తొక్కి, గేరు వేసి, క్లచ్ కొంచెం వదిలి చూడు. ఇంజిన్ ఎగిరెగిరి పడుతుంటే ముందు అవి మార్పించు.

ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో వైరింగు, క్లచ్ కేబుల్, ఏసీ పైపులు దూరే చోట్ల గ్రామెట్లు (కంతల చుట్టూ ఉండే రబ్బరు రింగులు) చూడు. ఎవరో హారన్ వైరు లాగడానికి గ్రామెట్ కోసేసి వదిలేసి ఉంటారు, ఇది నేను రోజూ చూసేదే. గోడలో నూటికి ఒక వంతు కంత ఉన్నా చాలు, మిగతా 99 వంతులు ఎంత మందంగా కట్టినా 20 డెసిబెల్స్ మించి సౌండ్ ఆగదు. ఇది లెక్క, నా మాట కాదు.

గోదారి_డీజిల్:
ఫౌండేషన్లు మార్చలేదన్నా. మరి షీట్ అసలు పనికే రాదంటారా?

ఆటోనగర్_పాతకాపు:
వస్తుంది, దాని పని వేరు. బ్యూటైల్ షీట్ రేకు వణుకుని చంపుతుంది. బానెట్ మీద వేలితో కొట్టు, టంగుమంటే షీట్ వేశాక డబ్ అంటుంది, అంతవరకే. గాల్లో వచ్చే సౌండ్‌ని అది పీల్చదు. రేకులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా, మధ్య భాగాల్లో అంటిస్తే సరిపోతుంది. షాపువాళ్లు అంగుళం వదలకుండా అంటించేది బిల్లు కోసం. 2 ఎంఎం షీట్ చదరపు మీటరుకి మూడు నాలుగు కిలోలు తూగుతుంది, అదీ గుర్తుంచుకో.

వద్దనేది రెండిటికే. ఒకటి, బ్యూటైల్ పేరు చెప్పి అంటించే తారు షీట్. ఎండకి మెత్తబడి, జారి, ఇంజిన్ మీద కారుతుంది, క్యాబిన్‌లో వాసన చెప్పక్కర్లేదు. రెండోది స్పాంజి లాంటి ఫోమ్. నీళ్లూ ఆయిలూ పీలుస్తుంది. గమ్ ఊడి టర్బో మీద వాలిందంటే ఇక ఫైర్ ఇంజన్‌కి ఫోన్ చేసుకోవడమే. 2020 తర్వాతి బీఎస్6 డీజిళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనని తాను శుభ్రం చేసుకునేటప్పుడు 600 డిగ్రీల దాకా పోతుంది, వాటి దగ్గర అసలు ప్రయోగాలు వద్దు. నీది 2016 కాబట్టి ఆ గొడవ లేదు, టర్బో మాత్రం ఉంది.

బెజవాడ_బండి:
ఎలకల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెత్తటి లైనర్ ఉన్న బండి కనపడితే చాలు, అందులో కాపురం పెట్టి వైర్లు కొరుకుతున్నాయి.

నట్టుబోల్టు:
లైనర్ లేని బండిలో కూడా కొరుకుతున్నాయండీ, అది సెల్లార్ సమస్య. నేనైతే కంపెనీ లైనర్ దొరికితే క్లిప్పులతో అదే బిగించుకోమంటాను. మంటకి ఓర్చుకునే ఫెల్ట్, గమ్ పని లేదు, నచ్చకపోతే ఊడదీసి పక్కన పడేయొచ్చు.

గోదారి_డీజిల్:
సరే, ఆదివారం ముందు ఫౌండేషన్లు చూపిస్తాను. పాతకాపు అన్నా, మూడూ ఒకేసారి మార్చాలా, పోయిన ఒక్కటి మారిస్తే చాలా?

ఆటోనగర్_పాతకాపు:
మూడూ మార్చు. కొత్తది ఒక్కటే వేస్తే పాత రెండూ కుంగి ఉంటాయి కాబట్టి బరువంతా దాని మీదే పడుతుంది, ఏడాది తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తావు.