నేషనల్ పర్మిట్ లారీకి రెండో డ్రైవర్‌ని మళ్ళీ తప్పనిసరి చేయాలా?

గోదావరి గట్టు: రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలని 2018 దాకా రూలు ఉండేది. కేంద్రం దాన్ని ఎత్తేసి ఒక్కరు చాలంది. అదే ఏడాది యాక్సిల్ లోడ్ (ఇరుసు మీద పడే బరువు) పరిమితి కూడా పెంచింది. బండిలో బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. పాత రూలు మళ్ళీ తేవాలంటాను. మీరేమంటారు?

రెండు లారీల ఓనర్: ఆ రూలు ఎలా నడిచిందో నేను చెప్తా. క్లీనర్ కుర్రాడికి లైసెన్సు తీయించి కాగితం మీద సెకండ్ డ్రైవర్ అని చూపించేవాళ్ళం. నేనూ చూపించాను. చెక్‌పోస్టులో లైసెన్సులు రెండున్నాయా అనేదే చూసేవారు. ఇప్పుడు నిజంగా ఇద్దరిని పెట్టమంటే రెండో జీతం, బత్తా ఎవరిస్తారు? తిరుగు లోడు దొరక్క హౌరాలో రెండ్రోజులు బండి నిలబడుతోంది. పైగా మనుషులేరీ? ఏ డ్రైవరైనా కొడుకుని ఈ పనిలోకి తెస్తున్నాడా?

ఐస్ లోడు: నేను డ్రైవర్ని, 19 ఏళ్ళ సర్వీసు. ఆకివీడులో చేపలెత్తుకుని హౌరా పోతాను. పొద్దున్నే లోడింగ్ లైన్లో పెడితే లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టేసరికి సాయంత్రం. ఆ గంటలు ఎవరి లెక్కలోనూ ఉండవు. బండి కదిలిన దగ్గర్నుంచి కింద ఐసు నీళ్ళు కారుతూనే ఉంటాయి. మార్కెట్ టైము దాటితే పార్టీ (సరుకు వ్యాపారి) రేటు కోస్తాడు, ఆ కోత తిరిగి తిరిగి నా బత్తా మీద పడుతుంది. పోయిన నెల టెక్కలి దాటాక కునుకు పట్టేసింది. ఎడమ చక్రం మట్టిలోకి దిగి గడగడలాడితే మెలకువొచ్చింది. పోలీసులు రాత్రిపూట ఆపి మొహం కడిగిస్తారు, మంచిదే. దాంతో పావుగంట గడుస్తుంది. రెండో డ్రైవర్ వస్తే సంతోషమే, కానీ ఇద్దరున్నారుగా అని టైము ఇంకా బిగిస్తారేమో. కుదుపుల్లో వెనక బెర్తు మీద పడుకుంటే అదేం నిద్ర?

కారు వాడు: నిద్రొస్తే ఆపుకోవాలి. అలాగని లైట్లు లేకుండా రోడ్డు వారన నిలిపితే మేం చస్తున్నాం.

ఐస్ లోడు: తప్పే. కానీ ధాబా నిండిపోతే ఎక్కడ పెట్టమంటారు సార్?

నల్లకోటు: రోజుకు 8 గంటలు, వారానికి 48 అన్న లెక్క 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం నుంచి వచ్చిందే, 2025లో దాన్ని కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఆ పాత చట్టం ఐదుగురు, ఆపైన పనివాళ్ళున్న సంస్థలకని చిన్న ఓనర్లు తప్పించుకునేవారు. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా బండి నడిపే ఎవరికైనా అవే గంటలంది. డ్రైవర్లు ఇద్దరా ఒక్కరా అన్నది తర్వాత, ముందు ఈ గంటలు పట్టుకోండి.

రెండు లారీల ఓనర్: ఆ గంటలు ఎవరు రాస్తారండీ?

నల్లకోటు: ఎవరూ రాయక్కర్లేదు. ఫాస్టాగ్ మెసేజులు మీ ఫోన్‌కే వస్తాయిగా?

రెండు లారీల ఓనర్: ఇప్పుడే తీసి చూశాను. మంగళవారం రాత్రి టోల్‌గేట్లు దాటిన టైములు: వేంపాడు 11:05, నాతవలస 1:20, మడపాం 2:50, బెల్లుపడ 5:15. మధ్యలో పావుగంట ఆగిన జాడ కూడా లేదు. ఇవే మెసేజులు పొద్దున చూసుకుని బండి టైముకే పోతోందని టీ తాగాను. అయినా రెండో జీతం నేనొక్కణ్ణే మొయ్యలేను. పార్టీలు టైము ఎక్కువ ఇవ్వాలి, కిరాయీ పెంచాలి. అందుకు అసోసియేషన్ కాగితం పెడితే మొదటి సంతకం నాదే.

ఐస్ లోడు: పెట్టండి బాబాయ్. అందులోనే లోడింగ్ లైను పక్కన నాలుగు మంచాలు, ఒక ఫ్యాను అని కూడా రాయండి. పగలంతా ఊరికే కూర్చునేది అక్కడేగా.