‘పన్నెండడుగుల బల్ల’ అన్నప్పుడు ఆ పన్నెండు దేనికి వర్తిస్తుంది?

కడపలో ఒక క్లబ్బు గదికి తెలుగులో వివరపత్రం రాస్తున్న సభ్యులొకరు, ‘పన్నెండడుగుల బిలియర్డ్స్ బల్ల’ అని రాయవచ్చునా అని అడిగారు. పదబంధంలో దోషమేమీ లేదండి. పన్నెండు, అడుగులు కలిసినచోట ఉత్వసంధి, సంఖ్య ముందుంది గనుక ద్విగువు. చిక్కంతా అర్థంలోనే ఉంది.

బండను అడుగుల్లో కొలిచి, చదరపు అడుగుల లెక్కన అమ్మే ఊరు మనది కాబట్టి అడుగులనే మాట వినగానే మనకు కచ్చితమైన కొలతే తోస్తుంది. ఇక్కడ మాత్రం పన్నెండు ఆ బల్ల రకానికి స్థిరపడిన పేరు. స్నూకర్, ఇంగ్లీషు బిలియర్డ్స్ ఆడే ఈ బల్లమీద ఒక కుషన్ (బంతి తగిలి వెనక్కి మళ్లే రబ్బరు గట్టు) అంచు నుంచి ఎదుటి కుషన్ అంచు వరకు నిడివి 11 అడుగుల 8½ అంగుళాలు, వెడల్పు 5 అడుగుల 10 అంగుళాలు, అంటే 3569 × 1778 మిల్లీమీటర్లు. అర అంగుళం ఎక్కువైనా తక్కువైనా నియమాలు ఒప్పుకుంటాయి. చుట్టూ ఉన్న చెక్క చట్రాన్ని కూడా కలిపి కొలిస్తే నిడివి 12 అడుగులు దాటిపోతుంది. పూల్ ఆటలో ‘తొమ్మిదడుగుల బల్ల’ అన్నదీ ఇటువంటిదే: ఆడే భాగం 100 × 50 అంగుళాలు, అనగా నిడివి 8 అడుగుల 4 అంగుళాలు మాత్రమే.

‘12 × 6’ అని రాయడంలో మరొక ఇబ్బంది ఉంది. వెడల్పు నిడివిలో సరిగ్గా సగమనే భావం కలుగుతుంది. పూల్ బల్లకు, 284 × 142 సెంటీమీటర్ల కారమ్ బిలియర్డ్స్ బల్లకు అది నిజమే గాని, స్నూకర్ బల్లకు పావు అంగుళం తేడా వస్తుంది.

అందుచేత పేరు చెప్పేచోట ‘పన్నెండడుగుల బల్ల’ అనీ, కొలత చెప్పేచోట ‘కుషన్ల నడుమ ఆడే భాగం’ అనీ విడదీసి రాయడం మేలని నా అభిప్రాయం. ఎత్తు రాసేటప్పుడు కూడా ‘నేల నుంచి కుషన్ పట్టీ పైభాగం వరకు’ అని చేర్చి, 2 అడుగుల 9½ అంగుళాల నుంచి 2 అడుగుల 10½ అంగుళాల వరకు అని ఇవ్వాలి. గది కొలతను వేరే వాక్యంలో పెట్టండి. ఆటగాడు నిలబడి కర్రను వెనక్కి లాగేందుకు చోటు కావాలి గనుక 22 × 16 అడుగుల గది ఉండాలని సాధారణంగా చెబుతారు.

బల్ల మీది గుడ్డ కింద పరిచే రాయిని ‘కడప బండ’ అని మాత్రం రాయవద్దని మనవి. మన నల్లబండ సున్నపురాయి. బల్లకు వాడేది పలకరాయి, మార్కాపురంలో బడిపిల్లల పలకలకు తవ్వి తీసే జాతి.